'గదులు ఖాళీ లేవు' అంటే కుదరదు.. ఆశ్రయం కోరి వచ్చినవారి వసతి హక్కుపై కోర్టులు ఏం తేల్చాయంటే..?

2023 మొదట్లో ఇద్దరు వ్యక్తులు ఐర్లాండ్‌లో ఆశ్రయం కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నారు. ఒకరు అఫ్గానిస్తాన్‌కు చెందినవారు. ఇంకొకరు మన భారతీయుడే. అధికారులు దరఖాస్తులు తీసుకున్నారు. ఒక్కొక్కరి చేతిలో 25 యూరోల వోచర్ పెట్టారు. అప్పటి లెక్కన మన డబ్బుల్లో సుమారు 2,200 రూపాయలు. పడుకోవడానికి చోటు ఎక్కడని అడిగితే మాత్రం.. శిబిరాల్లో ఖాళీలు లేవని చెప్పి పంపించేశారు.

ఆ తర్వాత వారాల తరబడి వాళ్లకు వీధులే దిక్కయ్యాయి. కడుపు నిండా తిండి లేదు, స్నానానికి చోటు లేదు, రాత్రి ఎవరు వచ్చి కొడతారో తెలియదు. ఈ ఇద్దరి కేసు చివరికి యూరోపియన్ యూనియన్ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. 2025 ఆగస్టు 1న ఆ కోర్టు తేల్చి చెప్పింది ఒక్కటే.. 'జనం ఎక్కువ వచ్చారు, గదులు నిండిపోయాయి' అన్న మాట చెప్పి ప్రభుత్వం బాధ్యత నుంచి తప్పించుకోలేదు.

ఇది కొత్త మాటేమీ కాదు. దాదాపు 20 ఏళ్లుగా యూరప్ కోర్టులు దీన్ని రకరకాలుగా చెబుతూనే ఉన్నాయి. మరి అలాంటప్పుడు బ్రస్సెల్స్, పారిస్, డబ్లిన్ వీధుల్లో ఇంకా టెంట్లు ఎందుకు కనిపించాయి? తీర్పు గెలిచినా మంచం ఎందుకు దొరకలేదు? అసలు ఈ హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? మన దేశంలో పరిస్థితి ఏంటి? పూర్తి వివరాలు ఇవే..

ముందు ఈ తేడా తెలుసుకోవాలి

వలస వచ్చినవారు, శరణార్థులు, ఆశ్రయం కోరేవారు.. ఈ మూడు మాటలనూ చాలామంది ఒకే అర్థంలో వాడేస్తుంటారు. చట్టం దృష్టిలో మాత్రం ఇవి వేర్వేరు. చదువుకో, ఉద్యోగానికో వెళ్లేవారు వలసదారులు. సొంత దేశంలో మతం, జాతి, రాజకీయ అభిప్రాయం లాంటి కారణాలతో ప్రాణానికి ముప్పు ఉందని ఇంకో దేశం అధికారికంగా గుర్తించినవారు శరణార్థులు. ఆ గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టుకుని, నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నవారు ఆశ్రయం కోరేవారు.

చిక్కంతా ఈ మూడో వర్గంతోనే. దరఖాస్తుపై నిర్ణయం రావడానికి నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా చాలా దేశాల్లో వాళ్లు పని చేసుకోవడానికి వీల్లేదు. 2013 నాటి ఈయూ నిబంధనల ప్రకారం దరఖాస్తు పెట్టిన తొమ్మిది నెలల్లోగా నిర్ణయం రాకపోతేనే ఉద్యోగ అవకాశం ఇవ్వాలి. బ్రిటన్‌లో అయితే 12 నెలలు ఆగాలి, అదీ కొన్ని రకాల పనులకే. అంటే సంపాదించుకోవద్దని చట్టమే చెబుతోంది. అలాంటప్పుడు తలదాచుకునే చోటు కూడా ఇవ్వకపోతే ఆ మనిషి బతికేదెలా? కోర్టుల తీర్పులన్నీ తిరిగేది ఈ ప్రశ్న చుట్టూనే.

ఈ హక్కు ఏ చట్టంలో ఉంది?

1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందంలో ఇళ్ల ప్రస్తావన 21వ అధికరణలో ఉంది. అయితే అది దేశంలో చట్టబద్ధంగా ఉంటున్న శరణార్థుల గురించి. నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నవారికి గది ఇవ్వాలని అందులో సూటిగా లేదు. అందుకే కోర్టులు మూడు వేరే ఆధారాలను పట్టుకున్నాయి.

మొదటిది, యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలోని 3వ అధికరణ. ఎవరినీ అమానుషంగా, కించపరిచేలా చూడకూడదని అది చెబుతుంది. రెండోది, ఈయూ ప్రాథమిక హక్కుల చార్టర్‌లోని 1వ అధికరణ. మనిషి గౌరవానికి భంగం కలగకూడదన్నది దాని సారాంశం. మూడోది, 2013లో ఈయూ తెచ్చిన ఆదేశం. ఆశ్రయం కోరి దరఖాస్తు పెట్టిన క్షణం నుంచే తిండి, బట్ట, వసతి చూసుకోవాలని ఇది సభ్య దేశాలకు చెబుతోంది. శిబిరాలు తాత్కాలికంగా నిండిపోతే వేరే ఏర్పాటు చేసుకోవచ్చు. కానీ అదీ వీలైనంత తక్కువ కాలమే. ఏ పరిస్థితిలోనైనా కనీస అవసరాలు మాత్రం తీర్చి తీరాల్సిందే.

ఇంకో విషయం. యూరప్‌లో రెండు పెద్ద కోర్టులున్నాయి. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్నది మానవ హక్కుల కోర్టు. లక్సెంబర్గ్‌లో ఉన్నది యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం. మొదటిది మానవ హక్కుల ఒప్పందాన్ని చూస్తుంది, రెండోది ఈయూ చట్టాలను చూస్తుంది.

2005: బ్రిటన్‌లో తొలి పెద్ద తీర్పు

బ్రిటన్ 2002లో ఒక చట్టం తెచ్చింది. అందులోని 55వ సెక్షన్ ప్రకారం.. దేశంలోకి వచ్చాక వీలైనంత త్వరగా ఆశ్రయం కోరకపోతే సాయం ఆపేయొచ్చు. దిగిన వెంటనే అడగలేదన్న కారణంతో ఎందరికో వసతి, భత్యం నిరాకరించారు. పని చేయడానికి అనుమతి లేదు, సాయమూ లేదు. కొందరు పోలీస్ స్టేషన్ బయట, ఇంకొందరు పార్కుల్లో పడుకున్నారు.

2005 నవంబర్ 3న నాటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ముగ్గురి కేసులో తీర్పు ఇచ్చింది. ధర్మాసనంలో లార్డ్ బింగమ్, బారోనెస్ హేల్ సహా ఐదుగురు ఉన్నారు. నీడ, తిండి, కనీస అవసరాలు లేక ఒక వ్యక్తి తీవ్రమైన బాధలో పడే పరిస్థితి ముంచుకొస్తుంటే ప్రభుత్వం సాయం చేసి తీరాలని వారు తేల్చారు. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. దేశంలో ఉన్న ప్రతి ఒక్కరికీ ప్రభుత్వం ఇల్లు ఇవ్వాలని కోర్టు అనలేదు. పని చేయొద్దని చట్టం పెట్టి, సాయమూ ఆపేసి, మనిషిని ఆ స్థితికి నెట్టింది ప్రభుత్వమే కాబట్టి బాధ్యత కూడా ప్రభుత్వానిదే అన్నది ఆ వాదన.

ఏథెన్స్ పార్కు.. పారిస్ వీధులు

2011 జనవరి 21న స్ట్రాస్‌బర్గ్ కోర్టు గ్రీస్, బెల్జియం దేశాలపై ఒక కీలక తీర్పు ఇచ్చింది. ఓ అఫ్గాన్ వ్యక్తి గ్రీస్ మీదుగా బెల్జియం చేరుకున్నాడు. మొదట అడుగుపెట్టిన ఈయూ దేశమే దరఖాస్తు చూడాలన్న 'డబ్లిన్ నిబంధన' చూపించి బెల్జియం అతన్ని తిరిగి గ్రీస్ పంపేసింది. అక్కడ అతను నెలల పాటు ఏథెన్స్‌లోని ఒక పార్కులో బతికాడు. ఇది కించపరిచే పరిస్థితేనని, గ్రీస్ 3వ అధికరణను ఉల్లంఘించిందని కోర్టు చెప్పింది. అంతటితో ఆగలేదు. గ్రీస్‌లో పరిస్థితి తెలిసి కూడా పంపినందుకు బెల్జియంనూ తప్పుబట్టింది.

2020 జులై 2న ఫ్రాన్స్ వంతు వచ్చింది. ముగ్గురు ఒంటరి పురుషులు నెలల తరబడి వీధుల్లో గడిపారు. ఎప్పుడు ఎవరు దాడి చేస్తారో, ఉన్నది దోచుకుంటారో అన్న భయం మధ్యే రోజులు గడిచాయి. వాళ్లు అడిగినా అధికారులు సరిగా స్పందించలేదని కోర్టు గుర్తించింది. ఇక్కడా 3వ అధికరణ ఉల్లంఘన జరిగిందనే తీర్పు వచ్చింది.

లక్సెంబర్గ్ కోర్టు తలుపులు ఒక్కొక్కటిగా మూసింది

ప్రభుత్వాలు ఏ వాదన తెచ్చినా లక్సెంబర్గ్ కోర్టు దాన్ని పక్కన పెడుతూ వచ్చింది. ముఖ్యమైన మూడు తీర్పులు ఇవి.

'అతని దరఖాస్తు చూడాల్సింది మేం కాదు, వేరే దేశం' అన్న వాదన: సిమాడ్, జిస్తీ అనే రెండు ఫ్రెంచ్ సంస్థలు వేసిన కేసులో 2012 సెప్టెంబర్ 27న తీర్పు వచ్చింది. వేరే దేశానికి అప్పగించే ప్రక్రియ నడుస్తున్నా, అతను వెళ్లే దాకా వసతి చూడాల్సింది ఇప్పుడున్న దేశమేనని కోర్టు చెప్పింది.

'శిబిరాలు నిండాయి, డబ్బు ఇస్తాం' అన్న వాదన: బెల్జియంలో ఆశ్రయం కోరేవారి వసతి చూసే సంస్థ పేరు ఫెడాసిల్. ఓ కుటుంబానికి ఆ సంస్థ చోటు చూపించలేకపోయింది. వాళ్లు బయట అద్దెకు దిగారు, అద్దె కట్టలేకపోయారు. 2014 ఫిబ్రవరి 27న కోర్టు ఏమందంటే.. వసతికి బదులు డబ్బు ఇవ్వొచ్చు, కానీ ఆ డబ్బు బయట మార్కెట్‌లో ఇల్లు అద్దెకు తీసుకోవడానికి సరిపోవాలి. తల్లిదండ్రులు, పిల్లలు ఒకేచోట ఉండగలగాలి. శిబిరాలు నిండిపోవడం మినహాయింపుకు కారణం కాదు.

'తప్పు చేశాడు కాబట్టి బయటకు పంపాం' అన్న వాదన: బెల్జియంలో ఒంటరిగా ఉన్న ఓ అఫ్గాన్ బాలుడు శిబిరంలో జరిగిన గొడవలో ఉన్నాడని 15 రోజులు బయటకు పంపేశారు. అతను బ్రస్సెల్స్‌లో ఒక పార్కులో, స్నేహితుల దగ్గర తలదాచుకున్నాడు. క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు కానీ తాత్కాలికంగా కూడా వసతి, తిండి, బట్ట తీసేయకూడదని 2019 నవంబర్ 12న కోర్టు స్పష్టం చేసింది.

కేసు గెలిచారు.. మంచం రాలేదు

ఇక్కడి వరకూ చూస్తే హక్కు గట్టిగానే ఉంది అనిపిస్తుంది. అసలు సమస్య బెల్జియంలో బయటపడింది.

2021 చివరి నుంచి ఆ దేశంలో శిబిరాలు నిండిపోయాయి. కుటుంబాలకు, పిల్లలకు ముందు చోటు ఇస్తూ ఒంటరి పురుషులను వెయిటింగ్ లిస్టులో పెట్టారు. వాళ్లు కోర్టుకెళ్లారు. బెల్జియంలో సామాజిక సాయం గొడవలు లేబర్ కోర్టులకు వెళ్తాయి. ఆ కోర్టులు వేల సంఖ్యలో ఆదేశాలు ఇచ్చాయి. వసతి చూపించకపోతే రోజుకింత అని జరిమానాలు కూడా వేశాయి. అయినా చాలామందికి మంచం దొరకలేదు.

గినియా దేశస్తుడి కేసు చూస్తే విషయం అర్థమవుతుంది. అతను 2022 జులై 15న దరఖాస్తు పెట్టాడు. వారంలోనే, జులై 22న బ్రస్సెల్స్ లేబర్ కోర్టు అతనికి వసతి ఇవ్వాలని ఆదేశించింది. నెలలు గడిచినా ఎవరూ పట్టించుకోలేదు. అక్టోబర్ 31న స్ట్రాస్‌బర్గ్ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తే గానీ కదలిక రాలేదు. నవంబర్ 4న చోటు దొరికింది. అంటే సొంత దేశపు కోర్టు తీర్పు చేతిలో పట్టుకుని మూడు నెలలకు పైగా వీధిలో ఉన్నాడన్నమాట.

2023 జులై 18న స్ట్రాస్‌బర్గ్ కోర్టు ఈ కేసులో తుది మాట చెప్పింది. ఇది మామూలు జాప్యం కాదని, కోర్టు ఆదేశాన్ని పాటించడానికి ప్రభుత్వం నిరాకరించడమేనని తేల్చింది. న్యాయం పొందే హక్కుకు సంబంధించిన 6వ అధికరణ ఉల్లంఘన జరిగిందని, సమస్య ఒక్కరిది కాదని, వ్యవస్థలోనే లోపం ఉందని చెప్పింది. అప్పటికే వెయ్యి మందికి పైగా ఆశ్రయం కోరేవారి విషయంలో బెల్జియంకు ఈ కోర్టు మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చి ఉంది.

ఆ తర్వాత ఏం జరిగింది? సరిగ్గా ఆరు వారాలకే, 2023 ఆగస్టు 29న నాటి ఆశ్రయ వ్యవహారాల మంత్రి నికోల్ డె మోర్ ఒంటరి పురుషులకు వసతి తాత్కాలికంగా ఆపేస్తున్నామని ప్రకటించారు. చలికాలంలో పిల్లలు, కుటుంబాలు రోడ్డున పడకుండా ఉండేందుకే అని ఆమె చెప్పారు. సెప్టెంబర్ 13న దేశ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని నిలిపివేసింది. తీర్పు వచ్చినా శిబిరాల్లో చోటు పుట్టుకురాదంటూ మంత్రి తన దారిలోనే వెళ్లారు. కోర్టులు పట్టుకున్న బలం, కోర్టుల బలహీనత.. రెండూ ఈ ఒక్క సంఘటనలోనే కనిపిస్తాయి.

ఐర్లాండ్ కేసులో కొత్త సంగతి ఏంటంటే..

ఐర్లాండ్‌లో 2023 జనవరి నుంచి ఒంటరి పురుషులకు వసతి లేదని చెప్పడం మొదలైంది. యుక్రెయిన్ యుద్ధంతో వచ్చినవారికి చోటు ఇవ్వాల్సి రావడం అందుకు ప్రధాన కారణమని ప్రభుత్వం చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్ 21న డబ్లిన్ హైకోర్టు జడ్జి చార్లెస్ మీనన్ ప్రభుత్వం చట్టాన్ని ఉల్లంఘించిందని తీర్పు ఇచ్చారు. వోచర్ ఇచ్చి, నిరాశ్రయుల కోసం పనిచేసే ధార్మిక సంస్థల వివరాలు చేతిలో పెడితే బాధ్యత తీరిపోదన్నది ఆ తీర్పు సారాంశం.

మొదట చెప్పుకున్న అఫ్గాన్, భారతీయ దరఖాస్తుదారుల కేసు ఇంకో అడుగు ముందుకెళ్లింది. వాళ్లు అడిగింది వసతి కాదు. వసతి ఆలస్యంగా దొరికింది. వీధిలో గడిపిన ఆ రోజులకు నష్టపరిహారం ఇవ్వాలని అడిగారు. చట్టాన్ని ఉల్లంఘించిన మాట నిజమేనని ప్రభుత్వం ఒప్పుకుంది. అయితే ఊహించని స్థాయిలో జనం వచ్చారని, ఇది తమ చేతుల్లో లేని అనివార్య పరిస్థితి అని, కాబట్టి పరిహారం కట్టక్కర్లేదని వాదించింది.

లక్సెంబర్గ్ కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. శిబిరాలు నిండిపోయే పరిస్థితి వస్తుందని చట్టం రాసినప్పుడే ఊహించారు, అందుకే ప్రత్యామ్నాయాలు పెట్టారు అని గుర్తుచేసింది. గది లేకపోతే డబ్బు, వోచర్ల రూపంలో కనీస అవసరాలు తీర్చొచ్చు. కొన్నాళ్లే అయినా సరే, ఆ కనీస అవసరాలు కూడా తీర్చకపోవడం చట్టాన్ని తీవ్రంగా ఉల్లంఘించడమే కావొచ్చని, అప్పుడు పరిహారం చెల్లించాల్సి రావొచ్చని చెప్పింది. పరిహారం సంగతి తేల్చే బాధ్యతను మాత్రం ఐర్లాండ్ కోర్టుకే వదిలేసింది.

ఈ తీర్పుకు ప్రాధాన్యం ఎందుకంటే.. ఇప్పటిదాకా ఆదేశం పాటించకపోతే ప్రభుత్వానికి పెద్దగా పోయేదేమీ లేదు. ఇకపై వీధిలో గడిచిన ప్రతి రాత్రికీ బిల్లు పడే అవకాశం ఉంది.

బ్రిటన్‌లో గొడవ హోటళ్ల మీద

బ్రిటన్‌లో 1999 చట్టం కింద దిక్కులేని స్థితిలో ఉన్న ఆశ్రయ దరఖాస్తుదారులకు వసతి చూసేది హోంశాఖే. ఇళ్లు సరిపోక ప్రభుత్వం హోటళ్లను తీసుకుంది. దీనిపై స్థానికుల నిరసనలు మొదలయ్యాయి. లండన్‌కు దగ్గర్లోని ఎపింగ్‌లో ఉన్న బెల్ హోటల్ విషయం కోర్టుకెక్కింది. హోటల్‌ను ఇలా వాడటం ప్లానింగ్ నిబంధనలకు విరుద్ధమని స్థానిక కౌన్సిల్ వాదించింది. 2025 ఆగస్టు 19న హైకోర్టు కౌన్సిల్‌కు అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పది రోజులకే, ఆగస్టు 29న అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. నిరసనలను కారణంగా చూపి హోటళ్లు ఖాళీ చేయిస్తే మరిన్ని నిరసనలకు ఊతం ఇచ్చినట్టవుతుందని, వసతి కల్పించాల్సిన చట్టబద్ధ బాధ్యతను కూడా లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. నవంబర్ 11న హైకోర్టు కౌన్సిల్ అడిగిన శాశ్వత నిషేధాన్నీ తిరస్కరించింది.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ ఆశ్రయం కోరేవారికి దేశవ్యాప్త వసతి హక్కు లేదు. న్యూయార్క్ నగరంలో మాత్రం 1981లో కోర్టు ద్వారా కుదిరిన ఒప్పందం వల్ల నిలువ నీడ లేనివారికి షెల్టర్ ఇవ్వాల్సి ఉంటుంది. 2022 నుంచి వలసలు పెరగడంతో నగరం ఆ ఒప్పందాన్ని సడలించాలని కోరింది. 2024 మార్చిలో కొత్తగా వచ్చే ఒంటరి వయోజనులకు సాధారణంగా 30 రోజుల పరిమితి పెడుతూ రాజీ కుదిరింది.

మరి మన దేశంలో..?

భారత్ 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. ఇక్కడ ఆధారం రాజ్యాంగమే. జీవించే హక్కునిచ్చే 21వ అధికరణ 'పౌరుడు' అనదు, 'వ్యక్తి' అంటుంది. కాబట్టి విదేశీయులకూ అది వర్తిస్తుంది. దేశంలో ఎక్కడైనా స్థిరపడే హక్కునిచ్చే 19వ అధికరణ మాత్రం పౌరులకే.

ఈ విషయంలో 1996 జనవరి 9 నాటి సుప్రీంకోర్టు తీర్పు ముఖ్యమైనది. 1964 ప్రాంతంలో నాటి తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన చక్మాలు అరుణాచల్ ప్రదేశ్‌లో స్థిరపడ్డారు. వాళ్లు రాష్ట్రం వదిలి పోవాలని స్థానిక విద్యార్థి సంఘం హెచ్చరించింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. సుమారు 65 వేల మంది చక్మాల ప్రాణాలకు, స్వేచ్ఛకు రాష్ట్ర ప్రభుత్వమే రక్షణ ఇవ్వాలని, చట్ట ప్రకారం తప్ప ఎవరూ వాళ్లను ఇళ్ల నుంచి గెంటేయకూడదని కోర్టు ఆదేశించింది. ఇక్కడ తేడా గమనించాలి. ఉన్న గూడును కూల్చకుండా ఆపడం వరకే ఈ తీర్పు. ప్రభుత్వం గూడు కట్టివ్వాలని అది చెప్పలేదు.

హైదరాబాద్‌లోని బాలాపూర్ పరిసరాల్లో ఉంటున్న రోహింగ్యాల పరిస్థితి దీనికి ఉదాహరణ. చాలామంది దగ్గర ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డులున్నాయి. అయినా ఆ కార్డు చూపిస్తే గది ఇవ్వాలన్న నిబంధన ఏదీ లేదు. అద్దె స్థలాల్లో గుడిసెలు వేసుకుని, దొరికిన కూలీ చేసుకుని బతుకుతున్నారు. కేంద్రం వాళ్లను అక్రమ వలసదారులుగానే చూస్తోంది. 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు కూడా, దేశం నుంచి పంపించకుండా ఉండే హక్కు పౌరులకున్న స్థిరనివాస హక్కుతో ముడిపడినదేనని వ్యాఖ్యానించింది. అయితే చట్టం చెప్పిన ప్రక్రియ పాటించకుండా పంపించడానికి వీల్లేదని స్పష్టం చేసింది.

ముందు ముందు ఏం మారుతుంది?

ఈయూ 2024లో వసతి ఆదేశాన్ని తిరగరాసింది. సభ్య దేశాలు అమలు చేయడానికి గడువు 2026 జూన్ 12. కొత్త నిబంధనల్లో రెండు వైపులా మార్పులున్నాయి. పని చేసుకునే అవకాశం తొమ్మిది నెలలకు బదులు ఆరు నెలల్లోగా ఇవ్వాలి. మరోవైపు, దరఖాస్తు చూడాల్సిన దేశంలో కాకుండా వేరే దేశంలో ఉంటే, బదిలీ నిర్ణయం అందాక పూర్తి స్థాయి సాయం దక్కదు. అయితే ఈయూ చట్టం, ప్రాథమిక హక్కుల చార్టర్‌కు తగిన జీవన ప్రమాణం ఉండాలన్న షరతు మాత్రం పెట్టారు. ఆ షరతుకు అర్థం ఏంటన్నది మళ్లీ కోర్టులే తేల్చాల్సి వస్తుంది.

ఇప్పటివరకు వచ్చిన తీర్పులను కలిపి చూస్తే తేలేది ఇదీ.. ఆశ్రయం ఇవ్వాలా వద్దా అన్నది ప్రభుత్వ నిర్ణయం. కానీ ఆ నిర్ణయం వచ్చే దాకా దరఖాస్తుదారుణ్ని వీధిలో ఉంచే స్వేచ్ఛ ప్రభుత్వానికి లేదు. కోర్టు గది కట్టలేదు, మంచం వేయలేదు. మంచం వేయనందుకు ప్రభుత్వం చేత లెక్క చెప్పించడం మాత్రం కోర్టు చేతిలో ఉంది. ఐర్లాండ్‌లో రోడ్డున పడ్డ ఆ ఇద్దరి కేసు వల్ల తేలిందీ అదే.